అగ్రతాంబూలానికి అడ్డదారులు

తాంబూలమంటే ఏముంది? రెండు తమలపాకులు, రెండు వక్కలు, ఒక అరటిపండు, పైన పది రూపాయల బిళ్ళ. ప్రొద్దుటూరు అంగట్లో అంతా కలిపినా ఇరవై రూపాయలు దాటదు. అదే తాంబూలాన్ని ఊరి దేవర నాడు గుడి ముందర పళ్ళెంలో పెట్టి, 'మొదట ఎవరికి?' అన్నట్టు పూజారి తలెత్తితే మాత్రం దాని ధర చెప్పడం ఎవరి తరమూ కాదు. తాత ఎప్పుడో దాన్ని రెండోవాడిగా అందుకోవలసి వచ్చిందని ఇప్పటికీ దాయాదుల పిల్లలు మాట్లాడుకోని ఇళ్ళు మా పక్క ఉన్నాయి.

నాది ఎర్రగుంట్లకూ వేంపల్లెకూ నడుమ వీరపునాయునిపల్లె మండలంలో ఒక ఊరు. ముప్పై ఏళ్ళుగా ఆ వరసలో ముందుకు జరగడానికే బతికాను. పద్నాలుగో స్థానంలో మొదలుపెట్టి రెండో స్థానం దాకా వచ్చాను. నడుమ మూడెకరాల చీనీ తోట పోయింది, పిల్లదాని పెండ్లి ఒక ఏడాది వెనక్కి జరిగింది. అయినా వరస మెరుగైంది కదా. ఇన్నాళ్ళ అనుభవాన్ని నాతోనే కాటికి తీసుకుపోవడం ఎందుకని ఈ చిట్కాలు రాస్తున్నాను. పాటించండి. ఫలితానికి నా పూచీ లేదు.

1. పోయిన పదవిని పోనివ్వకండి

విజయనగర కాలం నుంచీ ఊరికి పన్నెండు మంది ఆయగాళ్ళు ఉండేవాళ్ళు. రెడ్డి, కరణం, పురోహితుడు, తలారి, నీరుగంటి, కమ్మరి, వడ్రంగి, కంసాలి, కుమ్మరి, చాకలి, మంగలి, వెట్టి. ఊరిని బట్టి ఈ జాబితాలో ఒకరిద్దరు అటూ ఇటూ మారేవాళ్ళు. కళ్ళంలో రాశి కొలిచే పొద్దు ఎవరి మేర వాళ్ళకు ముట్టేది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో మునసబు, కరణం పదవుల్ని ఎత్తేసింది. మరుసటి ఏడు తాలూకాలు చీలి మండలాలు వచ్చాయి.

తెలివైనవాడు దీనికి దిగులుపడడు. సర్కారు రద్దు చేసింది పదవిని. భుజం మీద తువ్వాలను కాదు. ఇంటి పేరు పక్కన 'మునసబు గారి మనవడు' అని చేర్చుకోండి. ఒకసారి సర్పంచి అయితే చచ్చేదాకా 'మాజీ సర్పంచి'. మాజీ పదవికి ఎన్నికలుండవు, ఆడిట్ ఉండదు, అవిశ్వాస తీర్మానమూ ఉండదు. ఇంత భద్రమైన కొలువు కలెక్టరుకు కూడా లేదు. నీరుగంటి మనవడు ఏనాడైనా 'మాజీ నీరుగంటి' అని కార్డు కొట్టించుకున్నాడా? అందుకే వెనకబడిపోయాడు. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎన్ని గడియల నీళ్ళు పారాలో తెలిసినవాడు వాళ్ళ తాతే అనుకోండి. అది వేరే సంగతి.

ఒక్క జాగ్రత్త. గ్రామ సచివాలయానికి మాత్రం స్వయంగా పోకండి. 2019 అక్టోబరులో అవి వచ్చినప్పటి నుంచి ఏ ఊరి పిల్లో వచ్చి అక్కడ కూర్చుని, ఎవరు పోయినా 'ఆధార్ ఇవ్వండి' అంటుంది. వేలిముద్ర మిషనుకు మీ తాత ఎవరో తెలియదు. తెలిసినట్టు నటించే మర్యాద కూడా దానికి లేదు. మనిషిని పంపండి.

2. పేరుకు ముందు ఏదో ఒకటి తగిలించండి

బిరుదుల పిచ్చి ఈ కాలపు జబ్బు అని ఎగతాళి చేసేవాళ్ళను కలమళ్ళకు తీసుకుపోండి. మన పక్కనే, ఎర్రగుంట్ల మండలం. అక్కడి చెన్నకేశవుని గుడిలో దొరికిన శాసనం క్రీ.శ. 575 నాటిదనీ, దొరికినవాటిలో తొలి తెలుగు శాసనం అదేననీ పండితులు తేల్చారు. అందులో ఉన్నది ఎవరు? రేనాడు ఏలిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. తెలుగు రాయి మీదికెక్కిన తొలి అడుగులోనే పేరు ముందు రాజరికం కూర్చుంది. శాసనాన్ని చెరిపినవాడికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయన్న బెదిరింపు కూడా చివర్లో ఉంది. ఇప్పుడు ఫ్లెక్సీ చించితే కేసు పెడుతున్నారు. సంప్రదాయం ఎక్కడికీ పోలేదు.

రాయికి బదులు ఫ్లెక్సీ వచ్చింది కాబట్టి ఆ శాస్త్రం నేర్చుకోండి. పైన గుండ్రాల్లో పెద్ద నాయకులు, నడుమ నిలువెత్తు మండల నాయకుడు, కింద వరసగా తపాలా బిళ్ళలంత తలలు. ఆ తలల్లో ఎడమ చివర కన్నా కుడి చివర మేలు. ఎడమ చివరను కరెంటు స్తంభం కప్పేస్తుంది. ఫ్లెక్సీ కొలత కన్నా అందులో మీ తల కొలత ముఖ్యం. డిజైన్ చేసే కుర్రవాడికి ముందురోజే ఒక బిర్యానీ పొట్లం ఇప్పించి, పక్కతల కన్నా మీ తల పిసరంత పెద్దగా ఉండేట్టు చూసుకోండి. ఎక్కువ పెంచితే పక్కవాడు కనిపెడతాడు. నల్ల కళ్ళద్దాలు, చెవి దగ్గర ఫోను తప్పనిసరి. ఫోనులో అవతల ఎవరున్నారని ఫ్లెక్సీని ఎవరూ అడగరు.

3. ఆలస్యంగా రండి

ముందు వచ్చినవాడు కుర్చీలు వేస్తాడు. తర్వాత వచ్చినవాడు కూర్చుంటాడు. చివర వచ్చినవాడి కోసం కూర్చున్నవాళ్ళు లేస్తారు. పెండ్లికి ముహూర్తం దాటాక, పంచాయితీకి తీర్పు ముందర, కర్మంతరానికి విస్తళ్ళు వేశాక పోండి. కారు దిగి వెంటనే లోపలికి నడవకండి. దిగి, కారుకానుకుని, ఫోను చూసుకోండి. ఎవరో ఒకరు ఎదురొస్తారు. అయిదు నిమిషాల దాకా ఎవరూ రాకపోతే మళ్ళీ కారెక్కి ఊరంతా ఒక చుట్టు తిరిగి రండి. ఈ పద్ధతిలో నేనొకసారి మూడు చుట్లు తిరిగాను. నాలుగో చుట్టుకు డీజిలు, ఆ ఇంట్లో కూరలు ఒకేసారి అయిపోయాయి.

సోఫా దొరికితే నడుమ కూర్చోవాలి, ఓరగా కాదు. ప్లాస్టిక్ కుర్చీయే గతి అయితే రెండు కుర్చీలు ఒకదాని మీద ఒకటి వేయించుకోండి. రెండంగుళాలు తేడా అంటే తేడానే.

4. క్రియాపదాల మీద కన్నేసి ఉంచండి

తెలుగువాడు మీకెంత విలువ ఇస్తున్నాడో వాడి నోట్లోని క్రియ చెబుతుంది. 'రా' అంటే మీరు ఇంకా మొదలుపెట్టలేదు. 'రాప్పా' అంటే ఫర్వాలేదు. 'రాండి' అంటే ముందుకు పోతున్నారు. 'దయచేయండి' అంటే మీ దగ్గర అప్పు తీసుకోబోతున్నాడు. మీరు లేనిచోట మీ గురించి ఏమంటున్నారో కూడా వాకబు చేయాలి. 'వాడు', 'అతను', 'ఆయన', 'వారు' అని నాలుగు మెట్లు. నేను 'ఆయన' దాకా వచ్చానని పదేళ్ళు నమ్మాను. ఒకరోజు దుకాణం వెనక నిలబడితే తెలిసింది, ముందరి వైపు 'ఆయన', వెనక వైపు 'వాడు' అని. అప్పటి నుంచి నేను ఏ దుకాణం వెనకకూ పోవడం లేదు. మీరూ పోకండి. మనశ్శాంతికి ఇంతకన్నా చిట్కా లేదు.

మీరు మాత్రం ఎదుటివాడి వయసు చూసి నోరు జారకండి. తలనెరిసినవాడినైనా ఏ వీధివాడో కనుక్కుని ఆ తర్వాతే క్రియ తగిలించాలి. ఈ ఒక్క విషయంలో మా ఊరి పెద్దలు ఏనాడూ తప్పు చేయలేదు. దాని ఫలితం చివర్లో చెబుతాను.

5. దానం చెవితో చేయండి

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని పెద్దలన్నారు. చేతులకు తెలియనక్కరలేదు, మైకుకు తెలిస్తే చాలు. పెండ్లిలో చదివింపులు రాసేవాడి పక్కన నిలబడి అంకె రెండుసార్లు చదివేదాకా కదలకండి.

ఇంకా మంచిది బండలాగుడు. తిరునాళ్ళలో ఎద్దులు బండ లాగుతుంటే చుట్టూ ఊళ్ళ జనమంతా ఉంటారు. మొదటి బహుమతి దాత పేరు మైకులో ఎన్నిసార్లు వినిపిస్తుందో ఎద్దుల పేర్లు అన్నిసార్లు వినపడవు. డబ్బు చాలకపోతే ఏడో బహుమతి ఇవ్వండి. వ్యాఖ్యాతకు విడిగా ఒక కవరు ఇస్తే ఏడో బహుమతి దాతను మొదటివాడి కన్నా గట్టిగా చదువుతాడు. ఎద్దు యజమాని ఏడాదంతా ఎద్దుకు ఉలవలు పెట్టి, బిడ్డలకన్నా ఎక్కువగా చూసుకుని ఉంటాడు. అది వాడి ఖర్మ. బండ లాగేది ఎద్దు, బహుమతి తీసుకునేది రైతు, పేరు వచ్చేది మీకు. ఇంతకన్నా చవకైన వ్యవసాయం ఈ మెట్టనేలలో లేదు.

6. కిందికి మెట్లు కట్టండి

పైకెక్కడం కష్టమైతే కింద ఎవరినైనా నిలబెట్టండి. ఎత్తు దానంతటదే వస్తుంది. ఇందులో మనం ఒంటరివాళ్ళం కాదు. క్రైస్తవం రాకముందు ఉత్తర ఐరోపాలో ఓడిన్, థోర్ అనే దేవుళ్ళను కొలిచేవాళ్ళు. ఆ పాత మతాన్ని ఈ కాలంలో మళ్ళీ పట్టుకున్నవాళ్ళు తమను తాము 'హీథెన్లు' అనుకుంటారు. వాళ్ళలో ఒక శాఖ థియోడిజం. 1976లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో గార్మన్ లార్డ్ అనే ఆయన మొదలుపెట్టాడు. అక్కడ తెగకు ఒక రాజు, ప్రభువులు, మెట్టు మెట్టుగా ప్రమాణాలు. కొత్తగా వచ్చినవాడు 'త్రాల్', అంటే దాసుడి మెట్టు నుంచి మొదలుపెట్టి, తన యోగ్యత చూపించుకుని పైకి రావాలి. కారు నడుపుకుంటూ వచ్చి, సూపర్ మార్కెట్లో సరుకులు కొని, వారాంతంలో దాసుడు కావడం! మన దగ్గర దానికి కారు అక్కరలేదు, పుడితే చాలు.

దానికొక పాత కవిత ఆధారం కూడా ఉంది. పేరు 'రీగ్స్‌థూల'. అందులో రీగ్ అనే మారుపేరుతో ఒక దేవుడు మూడిళ్ళలో విడిది చేస్తాడు. మొదటి ఇంట్లో త్రాల్ పుట్టాడు, దాసుడు. రెండో ఇంట్లో కార్ల్, రైతు. మూడో ఇంట్లో యార్ల్, దొర. ముఖం, పాదం, తొడ లెక్కలు విని పెరిగిన మనకు ఇది కొత్తగా అనిపించదు. దేవుడు ఏ దేశం పోయినా ముందు చేసే పని వరస పెట్టడమే కాబోలు.

అయితే ఆ దేవుళ్ళనే కొలిచే ఐస్‌లాండు సంగతి మీ అనుచరులకు చెప్పకండి. 1972లో అక్కడ పాత మతాన్ని నిలబెట్టిన సంఘానికి తొలి పెద్ద స్వేన్‌బ్యోర్న్ బేన్‌టేన్‌సన్ అనే గొర్రెల రైతు, కవి. ఇంకా ఘోరం ఏమిటంటే, వెయ్యేళ్ళ కిందటి ఐస్‌లాండులో ఊరి పెద్దను 'గోడి' అనేవాళ్ళు. రైతుకు ఒక గోడి నచ్చకపోతే ఇంకో గోడి వెంట పోవచ్చు, తన ఇల్లూ పొలమూ ఉన్నచోటే ఉంచుకుని. అంటే పెద్దరికం పెద్దవాడి చేతిలో కాక వెంట నడిచేవాడి కాళ్ళలో ఉండేదన్నమాట. ఇట్లాంటి చదువు మన మండలంలోకి రాకుండా చూడాలి.

మన సీమ మర్యాదే వేరు. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి ధారపోసినప్పుడు ఇక్కడికి వచ్చిన థామస్ మన్రో లెక్క తేలిస్తే పాలెగాళ్ళు 80 మంది దాకా ఉన్నారు. ఒక్కొక్కరికీ కోట, కట్టుబడి బంట్లు, కావలి రుసుము. దొంగల నుంచి కాపాడతామని డబ్బు తీసుకునేవాళ్ళు. ఇవ్వకపోతే దొంగలెవరో ఊరికి తెలిసొచ్చేది. 1807లో మన్రో పోయేనాటికి చాలామంది కోటలు పోయి పింఛన్ల మీద పడ్డారు. ఇక్కడ నేర్చుకోవలసిన పాఠం ఒక్కటే. బంట్లు ఉన్నన్నాళ్ళే పాలెగాడు. కాబట్టి నలుగురు కుర్రవాళ్ళకు పెట్రోలు, టీ ఖర్చు చూసుకోండి. ముందు ఒక బండి, వెనక రెండు బండ్లు. కాఫీకి పోయినా సరే.

7. కాగితం గ్లాసుకు దండం పెట్టండి

వెనకటికి టీ అంగళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. ఒకటి గూట్లో, ఒకటి చూరులో. ఎవరిది ఎవరు కడుక్కోవాలో ఎవరికీ చెప్పే పనిలేదు. 1955లో ఒక చట్టం, 1989లో ఇంకొక చట్టం వచ్చి అది నేరమని తేల్చాయి. ఏం చేయాలో తోచక కొట్టుమిట్టాడుతున్న పెద్దరికాన్ని కాపాడింది చట్టమూ కాదు, కోర్టూ కాదు, కాగితం గ్లాసు. అందరూ అందులోనే తాగుతారు, అందరూ పారేస్తారు. ఎవరూ ఎవరి ఎంగిలీ కడగనక్కరలేదు. సమానత్వం వచ్చేసింది, మనసు మారాల్సిన పని తప్పింది. పేపర్లో ఫొటో కూడా వేయించుకోవచ్చు. ఇంటికి వచ్చినవాడికి ఏ గ్లాసు ఇవ్వాలన్న ప్రశ్న వస్తే సీసా నీళ్ళు ఇవ్వండి. మూత తీసే మర్యాద వాడికే వదిలేయండి.

8. కొన్ని కథలు పిల్లల చెవిన పడనివ్వకండి

మొదటిది మంగలి కొండోజు కథ. 16వ శతాబ్దంలో సదాశివరాయలు పేరుకు రాజు, పెత్తనం అళియ రామరాయలది. ఆ రామరాయలకు గడ్డం గీసే కొండోజు పనితనానికి మెచ్చి, విజయనగర రాజ్యంలో మంగళ్ళకు పన్నులు తీసేశారు. ఊరూరా శాసనాలు వేశారు. సామంతులు కూడా దగ్గరికి రావడానికి భయపడే మనిషి రోజూ గొంతెత్తి కత్తి ముందు పెట్టే చోటు ఒకటుందని, అక్కడ నిలబడ్డవాడు మంగలి అని పిల్లలకు తెలిస్తే మన ఫ్లెక్సీలకు విలువేముంటుంది?

రెండోది తిరుపతి గంగమ్మది. ఆడపిల్లల్ని చెరపట్టే పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మ మారువేషాలు వేసిందని కథ. జాతరలో ఆ వేషాలు ఇప్పటికీ కడతారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు. దొర వేషంలో పాలెగాణ్ణి చంపింది, సరే. దానికి ముందు తోటి వేషం ఎందుకు వేసినట్టు? అంతటి అమ్మ ఊరి వరసలో అట్టడుగు మెట్టు మీద నిలబడి చూసిందని పిల్లవాడు అడిగితే ఏం చెబుతారు? టీవీ పెట్టండి.

9. చివరి చిట్కా, నా అనుభవం

ఇక చెబుతానన్న సంగతి. నిరుడు మా ఊరి దేవర. చీనీ తోట డబ్బు ఆఖరి కట్ట ఖర్చుపెట్టి, రెండో తాంబూలం నాకని ఖాయం చేసుకున్నాను. మొదటివాడికి షుగరు, మోకాళ్ళ నొప్పులు. ఇంకో రెండేళ్ళు ఓపిక పట్టితే చాలు.

రాత్రి పదకొండు. కుమ్మరి ఇంట్లో మట్టితో చేసిన అమ్మ సిద్ధంగా ఉంది. చాకలి దివిటీకి నూనె పోశాడు. పూజారి గంట పట్టుకున్నాడు. మేం తొమ్మిది మంది పెద్దమనుషులం ఇస్త్రీ మడతలు నలగకుండా వరసలో నిలబడ్డాం. కానీ దప్పు లేదు. దప్పు మోగనిదే అమ్మ గడప దాటదు. అది మేం పెట్టిన నియమం కాదు, మమ్మల్ని ఎవరూ అడగనూ లేదు.

దప్పు కొట్టే ఇంటి పెద్దకొడుకు కువైటులో డ్రైవరు. చిన్నవాడు సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. ఇంట్లో ఉన్నది ముసలాయన ఒక్కడే. జొరమని కబురు పంపాడు. ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ జ్ఞాపకమొచ్చింది. కిందటి దేవర నాడు తెల్లారుజామున, వాయించి వాయించి అలిసి, గుడి అరుగు చివర కూర్చున్నాడు. మాలో ఒకరు 'లేయ్‌రా' అన్నారు. ఆ ఒకరు నేనే. మాట్లాడకుండా లేచిపోయాడు. ఇప్పుడు జొరం.

ప్రొద్దుటూరు బ్యాండు సెట్టుకు ఫోను చేశాం. రావడానికి గంటన్నర పడుతుందన్నారు. పూజారి 'బ్యాండుకు అమ్మ లేచేది ల్యా' అన్నాడు. పదకొండున్నరకు తొమ్మిది మందిలో అయిదుగురం ఆ వీధికి బయల్దేరాం. ఓట్లకు తప్ప మా కాళ్ళు అటు పోయింది లేదు. గుడ్డి దీపంలో ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. దారి పొడుగునా మా నోళ్ళలో క్రియలు మెట్లెక్కుతూనే ఉన్నాయి. వీధి మొదట్లో 'వాడు', నడుమ 'ఆయప్ప', వాకిట్లోకి వచ్చేసరికి 'పెద్దాయనా, రాప్పా, అమ్మ కాసుకుని ఉండాది.'

ఆయన కోడలి వైపు చూశాడు. ఆ యమ్మ చెంబుతో నీళ్ళు, అయిదు స్టీలు గ్లాసులు తెచ్చి పెట్టింది.

'మా ఇంట్లో గ్లాసులన్నీ ఒగటే రకం ఉండాయి. పర్వాల్యా?' అన్నాడు.

తాగాం. అందరం. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

ఆయన లేచాడు. దప్పు భుజానికి తగిలించుకుని, ముందు నడిచాడు. వెనక మేం. కుమ్మరి వాకిట్లో గడ్డి మంట వేయించి, దాని పక్కన కూర్చుని దప్పు కాచడం మొదలుపెట్టాడు. చర్మం బిగిసేదాకా తిప్పి తిప్పి సెగ చూపడం, పుల్లతో ఒక్క దెబ్బ వేసి చెవి పెట్టి వినడం, తల అడ్డంగా ఊపి మళ్ళీ సెగకు పట్టడం. ఎంత సేపైనా తొందరపడడే! తాంబూలం పళ్ళెం పూజారి చేతిలో ఉంది. మొదటి తాంబూలం, రెండో తాంబూలం, మాజీలు, దాతలు, కుడి చివర తల, ఎడమ చివర తల, అందరం ఆ మంట చుట్టూ నిలబడి ఆ ఒక్క దెబ్బ సరిగ్గా పలకాలని ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. కూర్చున్నది ఆయన ఒక్కడే. నా చోటు ఎక్కడో చూసుకుందామని లెక్కపెట్టాను. మంట చుట్టూ నిలబడితే వరస ఎక్కడ మొదలవుతుందో తేలడం లేదు.

దప్పు పలికింది. అమ్మ లేచింది. తెల్లవారి తాంబూలం రెండోది నాకే వచ్చింది. పండు కొంచెం మగ్గింది.

కాబట్టి చిట్కా ఏమిటంటే, ఆ ఇంటి ఫోను నంబరు రాసి పెట్టుకోండి. కానీ సెల్లులో పేరు రాయకండి, ఎవరైనా చూస్తారు. వచ్చే దేవరకు గుడి అరుగు మీద ఒక కుర్చీ వేయించాలని కూడా అనుకుంటున్నాను. చీకటి పడ్డాక వేయిస్తే చాలదా? ఎవరు వేయించారో తెలియకుండా ఉంటే మరీ మంచిది. ఇన్ని చిట్కాలు రాసిన నాకు ఒక్కదానికి మాత్రం ఉపాయం తోచడం లేదు. ఆ కుర్చీ వేయించిన దాత పేరు మైకులో చదివించాలా వద్దా?